ఐసు నీళ్లలో బయటపడ్డ అసలు రంగు

ఆ మధ్య మా ఇంట్లో ఫ్రిజ్‌కి పిచ్చి పట్టింది. పైన ఫ్రీజర్లో ఐసు కట్టడం సరే, కింద గిన్నెలో పెరుగు కూడా ఐసయింది. ‘గడ్డపెరుగంటే ఇదే కాబోలు’ అని నవ్వుకున్నాం. మర్నాడు అమ్మ ఇన్సులిన్ సీసా తీసి చూసుకునేసరికి నవ్వు కాస్తా ఆగిపోయింది. అదీ గడ్డకట్టేసింది! ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. ఒక్కసారి గడ్డకట్టిందా, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా వాడకూడదు. రెండు కొత్త సీసాలు పారేశాం.

మెకానిక్ వచ్చాడు. మల్టీమీటరు తీసి లోపలి సెన్సర్లు రెండూ చూశాడు. “ఇవి బాగానే ఉన్నాయి మేడం. బోర్డు పోయింది. ఆరువేలవుతుంది” అన్నాడు. అబద్ధం చెప్పాడని నేననను. మీటరు అతనికి అలాగే చూపించింది మరి.

ఈ సెన్సర్‌నే థర్మిస్టర్ అంటారు. మిరియం గింజంత పూస, దానికి రెండు తీగలు. వేడెక్కితే దాని నిరోధం తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. సిల్వర్ సల్ఫైడ్‌లో ఈ గుణాన్ని మైఖేల్ ఫారడే 1833లోనే గమనించాడు. ఫ్రిజ్‌లో బోర్డుకి కళ్లూ చెవులూ ఈ పూసే. అది ఏ డిగ్రీ చెబితే బోర్డు ఆ డిగ్రీని నమ్మి కంప్రెసర్‌ని నడుపుతుంది.

మా వీధి చివర రేడియోలు, మిక్సీలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. వీధంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. ఆరువేల సంగతి చెబితే, “ముందు ఆ సెన్సర్లు రెండూ పట్రా తల్లీ. దార్లో ఓ కవరు ఐసు కూడా” అన్నారు.

మా ఫ్రిజ్‌లో పైదీ కిందదీ ఒకే రకం. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపించాలి. బాబాయ్ ముందు మీటరు వైర్లు రెండూ ఒకదానికొకటి ఆనించి సున్నా వస్తోందో లేదో చూసుకున్నారు. ఆ రోజు గదిలో 32 డిగ్రీలుంది. పై సెన్సర్ 7.4 చూపించింది, కిందది 6.4. లెక్క ప్రకారం 7.4 ఉండాలి. అయినా ఆ కాస్త తేడాని ఎవరు పట్టించుకుంటారు? మెకానిక్ కూడా ఇక్కడే ఆగిపోయి ఉంటాడు.

అప్పుడు గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, కొంచెం నీళ్లు పోశారు. అది సున్నా డిగ్రీలకి సరైన కొలత. కనెక్టర్లు తడవకుండా పూసలు రెండూ అందులో ముంచి, ఐదు నిమిషాలు ఆగారు. మీటరు 20 కె రేంజిలో ఉంది. కిందది 19 చూపించింది. పై సెన్సర్‌కి పెడితే ఎడమవైపు ఒక్క ‘1’ వచ్చి నిలబడిపోయింది. “ఇదిగో, ఇదే పోయింది బాబాయ్!” అన్నాను, కనిపెట్టేసినట్టు.

ఆయన పకపకా నవ్వారు. “మంచిదాన్ని పారేసి చెడ్డదాన్ని బిగించుకుంటావా? ఆ ‘1’ అంటే, నా రేంజికి మించిపోయిందని మీటరు మొత్తుకోవడం” అంటూ 200 కె కి తిప్పారు. 32.6 అని వచ్చింది. అదీ సరైన లెక్క. 19 చూపించినదే దొంగ. ఐసులో కూర్చుని, పది పదకొండు డిగ్రీలుందని బోర్డుకి చెబుతోంది. దాన్ని నమ్మి బోర్డు కంప్రెసర్‌ని ఊపిరాడకుండా పరుగెత్తించింది. ఇన్సులిన్ గడ్డకట్టక ఏం చేస్తుంది!

పూస మీది పూత చిట్లి చెమ్మ దూరిందని ఆయన తేల్చారు. ఆ చెమ్మ కరెంటుకి ఓ దొంగదారి. కాలవ నిండుగా పారుతున్నప్పుడు చిన్న గండి కనబడదు. నీళ్లు తగ్గినప్పుడే తెలుస్తుంది, సగం నీళ్లు అటే పోతున్నాయని. చలిలో సెన్సర్ గుండా పారే కరెంటు తక్కువ కాబట్టి, గండి అక్కడే బయటపడింది. చలిలో పనిచేసే వస్తువుని ఎండాకాలం గదిలో పరీక్షిస్తే ఏం తెలుస్తుంది?

మీరూ చూడాలనుకుంటే ముందు ప్లగ్గు పీకేయండి. సెన్సర్‌ని బోర్డు నుంచి విడదీశాకే కొలవండి, లేకపోతే బోర్డులోని నిరోధాలు కూడా లెక్కలో కలిసిపోతాయి. అన్ని ఫ్రిజ్‌లలోనూ 10 కె ఉండదు, మీ మోడల్‌కి ఎంతో కనుక్కోవాలి. చాలా ఫ్రిజ్‌లలో కంప్రెసర్ పక్కన స్టార్టర్లో మరో బిళ్ల ఉంటుంది. దానిది తిరగేసిన బుద్ధి, వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. ఈ లెక్క దానికి పెట్టకండి. ఏసీ బయటి పెట్టె జోలికి మాత్రం అసలు పోవద్దు. కరెంటు తీసేసినా అందులో కెపాసిటర్ షాకు కొడుతుంది.

కోఠీ గుజరాతీ గల్లీలో అదే రకం సెన్సర్ నూటయాభైకి దొరికింది. మెకానిక్‌కి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. “ఐసులో పెట్టి చూశారా?” అని రెండుసార్లు అడిగాడు.

ఆ రాత్రి అమ్మ కొత్త ఇన్సులిన్ సీసాని మధ్య అరలో పెట్టి, పక్కనే థర్మామీటరు పెట్టింది. తెల్లారి కాఫీ కూడా తాగకుండా వెళ్లి చూసింది. అయిదు డిగ్రీలు.