కమాన్ కట్ట కోసం కంపెనీ గడప తొక్కాలా?

కరెంటు ట్రాలీ ఆటో కొనే ముందు రైతు అడిగే ప్రశ్నలన్నీ బ్యాటరీ గురించే. ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, చార్జింగ్‌కు ఎంత సేపు పడుతుంది అనే. పొలం బాటలో రోజూ సరుకు మోసే బండికి బ్యాటరీ కంటే ముందు వెనక కమాన్లే చేతులెత్తేస్తుంటాయి. వాటి సంగతి షోరూములో ఎవరూ ఎత్తరు.

కమాన్ కట్ట కొత్తదేమీ కాదు. ఎడ్లబండి తర్వాత మన ఊళ్ళోకి వచ్చిన చాలా సరుకు బళ్ళకు ఉన్నదే. వంపు తిరిగిన ఉక్కు పట్టీలు, మధ్యలో సెంటర్ బోల్టు, ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు, చివర్లలో బుష్‌లు. వంపు చచ్చిపోతే బండి ఒక పక్కకు ఒరుగుతుంది, గుంతలో పడగానే ఇరుసు చాసిస్‌కు కొట్టుకుంటుంది. డీజిల్ ఆటోలో నడుము నొప్పితో పోయేది. ఇక్కడ చాలా బళ్ళకు మోటారు వెనక ఇరుసు మీదే ఉంటుంది. ఆ దెబ్బ మోటారుకూ దాని కేబుళ్ళకూ తగులుతుంది. అందుకే దీన్ని వాయిదా వేయకూడదు.

పనిగా చూస్తే ఇది పెద్ద పనేం కాదు. ఒక్క పక్కే విరిగినా రెండు పక్కలా మార్చాలి, లేకుంటే ఒరుగు పోదు. పాత యూ బోల్టులు మళ్ళీ వాడకూడదు. బండి చక్రాల మీద నిలబడ్డాకే బోల్టులు చివరి బిగింపు బిగించాలి, కొన్ని రోజులు తిరిగాక మరోసారి చూడాలి. కేబుళ్ళ దగ్గర చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ కనెక్షన్ తీయాలి, వెల్డింగ్ అసలు వద్దు. కమాన్ పని తెలిసిన ఏ మెకానిక్కయినా ఇది చేయగలడు.

అయినా రైతు పట్నం దాకా పోవాల్సి వస్తోంది. విడి కమాన్ కట్ట కౌంటరు మీద అమ్మరు. బయట మెకానిక్ చెయ్యి పెడితే వారంటీ పోతుందంటారు. కమానుకూ బ్యాటరీకీ ఏం సంబంధమని అడిగితే జవాబుండదు, లేదా 'ఓవర్‌లోడ్ చేశారు' అంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. 25 కిలోల టమాటా క్రేట్లు 20 ఎక్కిస్తేనే 500 కిలోలు, ఆపైన డ్రైవరు బరువు. ఆర్‌సీలో రాసిన బరువు మనమూ చూసుకోవాలి. అలాగని పరిమితిలో నడిపిన బండికీ అదే సాకు చెబితే ఊరుకోలేం.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. విడిభాగాలు బయటి వర్క్‌షాపులకు అందనివ్వని 14 కార్ల కంపెనీలకు కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. రిపేరు హక్కుపై కేంద్రం 2022లో కమిటీ వేసింది, అందులో వ్యవసాయ పరికరాలనూ చేర్చింది. ఈ బళ్ళకు సబ్సిడీ కింద పోయేది ప్రజల డబ్బే. విడిభాగాలు అందరికీ అమ్మాలన్న షరతు ఆ సబ్సిడీకి ఎందుకు పెట్టరు? మన సంఘం ప్రభుత్వాన్ని అడగాల్సింది ఇదే.

ఈలోగా చేయగలిగింది ఉంది. వారంటీ ఇవ్వం అంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి. 1915 నంబరుకు ఫిర్యాదు చేయండి. సొంత జీవనోపాధికి బండి నడుపుకునే రైతు 2019 వినియోగదారుల చట్టం కింద వినియోగదారుడే. బండి ఖరీదు రూ.5 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌లో కేసుకు ఫీజు కూడా లేదు. ఒకే మోడల్ బళ్ళున్న నలుగురు కలిసి వెళితే మరీ మంచిది.