మెయిన్ స్విచ్ ఎక్కడున్నది?

పరీక్షలకు నెలల ముందే సిద్ధపడతాం. హాల్ టికెట్టు పదిసార్లు తడిమి చూసుకుంటాం. కాని అర్ధరాత్రి ఇంట్లో వైరు కాలిన వాసన వస్తే కరెంటు ఎక్కడ బందు చేయాలో మనలో ఎందరికి తెలుసు? నాన్నకు తెలుసు అంటాం. నాన్న ఊళ్లో లేనినాడు ఏం గావాలె?

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో మన జిల్లా చూసింది మరచిపోయేది కాదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డిలో జి.ఆర్. కాలనీ మునిగింది. రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. ఎల్లారెడ్డి దారిలో లింగంపల్లి ఖుర్దు దగ్గర వంతెన దెబ్బతిన్నది. చెరువు కట్టలనూ నాలాలనూ చూడవలసినవారిని నిలదీయవలసిందే, కాదనను. కాని 108 బండి రావాలన్నా దారి ఉండాలి గదా! ఆ కొన్ని గంటలు ఇంటివాళ్లకు ఇంటివాళ్లే దిక్కు.

వాన పెద్దది గనుక పత్రికల కెక్కింది. చలి చప్పుడు లేకుండా వస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన దగ్గర పది డిగ్రీలకు దిగువకు పోవడం కొత్తేమీ కాదు. అప్పుడు బొగ్గుల కుంపటి గదిలోకి వస్తుంది, తలుపులు కిటికీలు బిగుసుకుంటాయి. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇది పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మనమే ఇంటికి పోయి అవ్వ మంచం పక్కన కుంపటి పెడుతున్నాం! తలనొప్పి, వాంతి వస్తే చలి పట్టిందనుకుంటాం. ముందు తలుపులు తెరిచి మనిషిని బయటి గాలికి తేవాలి, వెంటనే దవాఖానకు తీసుకపోవాలి. అసలు కుంపటి గడప దాటి లోపలికి రాకూడదు.

అద్దె గదుల్లో ఉండే తమ్ముళ్లకు హీటర్ రాడ్డు సంగతి వేరే చెప్పాలా? నీళ్లు కాగినయా అని వేలు పెట్టి చూసే అలవాటు మానండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. ఇనుప బకెట్టు అసలే వద్దు.

ఇంకో విచిత్రం. గ్యాసు రెగ్యులేటరు అమ్మకే తెలుసు, మెయిన్ స్విచ్ నాన్నకే తెలుసు. సగం చదువు ఒకరికి, సగం చదువు ఇంకొకరికి! గ్యాసు గాలి కంటె బరువు, నేలబారున పేరుకుంటుంది. వాసన వస్తే లైటు వేయవద్దు, ఫ్యాను ఆపవద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి పోయి 1906కు ఫోను చేయాలి. ఇది ఇంట్లో పదేండ్ల పిల్లకు కూడా నేర్పవలసిన పాఠం.

ముందే కీడు తలచవద్దంటారు పెద్దలు. సందెపొద్దుకు ముందే కందిలి గాజు తుడిచి, అగ్గిపెట్టె పక్కన పెట్టుకున్నది ఆ పెద్దలే కదా! అది అపశకునమని ఎవరూ అనలేదు. టార్చిలైటు, నాన్న బీపీ మాత్రల చీటీ, మన మెమోలు, పొలం పాసుబుక్కు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి పై అరలో ఉంచితే కీడు తలచినట్లా? నీళ్లొచ్చిన ఇంట్లో ముందు తడిసేది కింది అరే.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన మొదటి రాత్రే దీపాలన్నీ ఆర్పి, ఒక్కొక్కరిని మెయిన్ స్విచ్ దాకా నడిపించండి. అవ్వను కూడా. ఆమె నవ్వితే నవ్వనీయండి.