తూటా ఎక్కడ ఆగుతుంది?

కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట... ఈ మెట్ట ఊళ్లలో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు తక్కువేం కాదు. చదువుకో ఉద్యోగానికో ఇల్లినాయిస్, అయోవాల వైపు వెళ్లినవాళ్లు చలికాలం మొదట్లో ఫోన్ చేస్తే ఓ వింత చెబుతుంటారు. కోసేసిన మొక్కజొన్న చేల పక్కన మెరిసే నారింజరంగు కోట్లు వేసుకుని, తుపాకులు పట్టుకుని మనుషులు కాపు కాస్తారట. చూసినవాళ్లెవరూ కంగారుపడరట! అది జింకల వేట సీజను. లైసెన్సు ఉండి, పర్మిట్ తీసుకుని, ప్రభుత్వం చెప్పిన రోజుల్లో మాత్రమే చేసే వేట.

ఇక్కడి అమ్మానాన్నలకు రెండు సందేహాలు వస్తాయి. జింకను చంపితే నేరం కాదా? పొలాల మధ్య తుపాకులు పేలిస్తే జనానికి తగలదా? మొదటిదానికి జవాబు తేలికే... ఏ దేశం చట్టం ఆ దేశానిది. రెండోదానికి జవాబు మాత్రం తుపాకీలో వేసే తూటాలో ఉంది.

గోలీకాయ కన్నా కాస్త పెద్దది

రైఫిల్ తూటా చిన్నది, వేగం ఎక్కువ, కిలోమీటర్లకొద్దీ పోతుంది. ఇల్లినాయిస్‌లాంటి చోట నేలంతా బల్లపరుపు. మధ్యమధ్య ఇళ్లు, రోడ్లు. అందుకే అక్కడ జింకల వేటకు ఏళ్ల తరబడి రైఫిల్‌ను రానివ్వలేదు. షాట్‌గన్‌లో 'స్లగ్' వేసి కాల్చాలన్నారు. 2023 నుంచే కొన్ని రకాల సింగిల్ షాట్ రైఫిళ్లకు అనుమతి ఇచ్చారు.

స్లగ్ అంటే ఒంటి గుండు. మామూలు షాట్‌గన్ తూటాలో చిన్న చిన్న సీసపు గుళ్లు ఉంటాయి. పేలగానే చెదిరిపోతాయి. పిట్టకు అవి సరిపోతాయి. జింకకు రెండు మూడు గుళ్లు తగిలితే చావదు, గాయంతో పారిపోయి ఏ పొదలోనో నరకం చూస్తుంది. స్లగ్‌లో ఉండేది ఒకే ఒక్క సీసపు ముద్ద. పన్నెండు బోరు తుపాకీలో వాడేది సాధారణంగా 28 గ్రాములు తూగుతుంది. బోరు లెక్కా సరదాగానే ఉంటుంది. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం పన్నెండు బోరు. వెడల్పు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు... మన గోలీకాయ కన్నా కాస్త పెద్దది.

ఏ గొట్టానికి ఏ గుండు?

స్లగ్గుల్లోనూ రకాలున్నాయి. జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ బ్రెనెకె 1898లో ఒకటి రూపొందించాడు. గట్టి సీసపు గుండుకు వెనక తోకలా ఒక బిరడా ఉంటుంది. 1930ల మొదట్లో అమెరికాలో కార్ల్ ఫాస్టర్ చేసింది వెనకవైపు బోలుగా ఉంటుంది. బరువంతా ముందుకు ఉండటంతో షటిల్‌కాక్‌లా మూతి ముందుకే పెట్టి పోతుంది. ఈ రెండూ లోపల నున్నగా ఉండే గొట్టాలకు నప్పుతాయి. గురి నమ్మకంగా ఉండేది 70 మీటర్ల లోపే. మూడోది సేబో. దీనికి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. లోపల మెలికల గాళ్లున్న గొట్టంలో గిరగిర తిరుగుతూ బయటికొచ్చి, తొడుగు వదిలేసి, 130 మీటర్ల దాకా సూటిగా వెళ్తుంది. అదే సేబోను నున్నటి గొట్టంలో వేస్తే తిరగదు, గురి గాలికి పోతుంది. అందుకే అనుభవమున్న వేటగాళ్లు ముందు తమ తుపాకీ గొట్టం చూసుకుంటారు. రెండు మూడు రకాలు కొని, సీజనుకు ముందే కాగితం మీద కాల్చి, ఏది ఒకేచోట పడుతుందో తేల్చుకుంటారు. అంతకుమించిన దూరంలో జింక కనబడినా కాల్చరు.

ఇంతాచేసి స్లగ్గయితే భయం లేదనుకోవడానికీ లేదు. పెన్సిల్వేనియా శాసనసభ కోసం 2007లో ఒక అధ్యయనం చేశారు. తుపాకీని ఎత్తి కాలిస్తే రైఫిల్ తూటాయే దూరం పోతుంది. కానీ నేలబారుగా కాల్చినప్పుడు, నేలకు తగిలి ఎగిరిన స్లగ్ రైఫిల్ తూటాను మించి పోవచ్చని తేలింది. కాబట్టి జింక వెనక ఏముందో చూడకుండా మీట నొక్కకూడదు. ఏ తూటా కొన్నా ఈ నియమం మారదు.

మన చేను సంగతి

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తలుపులు మూసేసింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకను చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. చేలో పడే అడవిపందినైనా సొంతంగా చంపడానికి లేదు. సెక్షన్ 11 కింద అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. పంట కాపలాకు, గొట్టం మూతిలోంచి మందు దట్టించే తుపాకీకి 1959 ఆయుధాల చట్టంలో లైసెన్సు దొరికే వీలుంది. కానీ అది తుపాకీ ఉంచుకోవడానికే, వేటకు కాదు. అనుమతితో చేసినా రగడ తప్పదు. బీహార్‌లోని మొకామాలో 2016 జూన్‌లో హైదరాబాద్ షూటర్లు రెండొందలకు పైగా నీల్‌గాయ్‌లను కాల్చినప్పుడు కేంద్రమంత్రులు మేనకాగాంధీ, ప్రకాశ్ జవదేకర్ల మధ్యే మాటల యుద్ధం నడిచింది.

మరి రాత్రంతా మేలుకుని కండె కాచుకునే రైతు ఏం చేయాలి? ఆ నిస్సహాయతలోంచే కొందరు చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెడుతున్నారు. అసలు ప్రమాదం అదే. తుపాకీ పట్టినవాడు కనీసం రెండు ప్రశ్నలు వేసుకోవాలి... ఎదురుగా ఉన్నదేమిటి? దాని వెనక ఉన్నదెవరు? తీగకు ఈ ప్రశ్నలుండవు. పందికీ దుప్పికీ తేడా తెలియదు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికొచ్చిన పక్కచేను రైతు, గేదెను వెతుక్కుంటూ వచ్చిన పిల్లాడు, ఒక్కోసారి తీగ పెట్టిన మనిషే... దానికి అందరూ ఒకటే. చట్టం దృష్టిలో అదీ వేటే. మనిషి పోతే అంతకన్నా పెద్ద కేసు.

సోలార్ కంచె ఉంది. లైనులోంచి లాగిన కరెంటులా కాదు, క్షణకాలం షాకిచ్చి బెదరగొడుతుంది, చంపదు. నలుగురు రైతులు కలిస్తే ఖర్చూ తగ్గుతుంది. మొక్కజొన్న చుట్టూ ఆముదం వరుసలు వేస్తే ఆ వాసనకు పందులు వెనకాడతాయి. పంట పోతే ఫొటోలు తీసి, అటవీశాఖకు అర్జీ పెట్టి, రసీదు దాచుకోండి. గొడవ ఊరంతటిదైతే సెక్షన్ 11 అనుమతి కోసం ఊరంతా కలిసి అడగొచ్చు.

ఇవన్నీ నిదానమైన దారులే, ఒప్పుకోవాల్సిందే. కానీ ఎకరం మొక్కజొన్న మళ్లీ వేసుకోవచ్చు. ఈ రాత్రి మీ చేలో తీగ ఉంటే, తెల్లారేదాకా ఆగకుండా తీసేయండి.