యాప్ ‘లేదు’ అంటే సరిపోదు.. ఎందుకు లేదో చెప్పాలి!

నెక్కొండ స్టేషన్ దగ్గర టీ తాగుతుంటే తెలిసిన పెద్దాయన ఒకరు ఫోన్ నా చేతిలో పెట్టారు. ఓ లోన్ యాప్‌లో వివరాలన్నీ నింపితే ‘అర్హత లేదు’ అని వచ్చింది. “ఎందుకు లేదో చెప్తలేదు తమ్మీ” అన్నారు. ఫోన్ మాత్రం కొత్త 5జీ మోడల్!

ఆండ్రాయిడ్ యాప్‌లు ఎక్కువగా కోట్లిన్, జావాల్లో రాస్తారు. రెండూ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్. స్క్రీన్లు, బటన్లకు ఇవి బాగుంటాయి. అర్హత రూల్స్ దగ్గరే చిక్కు. ఉదాహరణకు తెలంగాణ 2024 రుణమాఫీనే తీసుకోండి. 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య తీసుకున్న, లేదా రెన్యువల్ చేసుకున్న పంట రుణాలు, కుటుంబానికి 2 లక్షల వరకు, కుటుంబం ఎవరో తేల్చడానికి రేషన్ కార్డు. ఇలాంటివన్నీ ఇఫ్-ఎల్స్‌లతో రాసుకుంటూ పోతే, ఆర్నెల్ల తర్వాత రాసినవాళ్లకే అర్థం కాదు.

రూల్‌ని రూల్‌లాగే రాసుకునే భాష 1972 నుంచే ఉంది. ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో ఆలైన్ కాల్మెరోయర్ బృందం చేసిన ప్రోలాగ్. దీన్ని జావాకి కలపడం కూడా కొత్తేమీ కాదు. ఎస్‌డబ్ల్యూఐ-ప్రోలాగ్‌కి జేపీఎల్ అనే వారధి ఉంది. బొలోన్యా యూనివర్సిటీ వాళ్ల టూప్రోలాగ్ అయితే జావాలోనే రాసిన ఇంజిన్. రైతు వివరాలున్న ఆబ్జెక్ట్‌ని ఫ్యాక్ట్స్‌గా మార్చి ఇంజిన్‌కి ఇస్తాం, ప్రశ్న అడుగుతాం, జవాబు తెచ్చి స్క్రీన్ మీద చూపిస్తాం. అంతే.

అయితే అసలు ప్రమాదం ఆ కలిపే చోటే ఉందని నా అభిప్రాయం. కోట్లిన్‌లో రేషన్ కార్డు నంబర్ ఖాళీగా ఉంటే అది ‘నల్’. అంటే వివరం ఇంకా తెలియదని. అవతలికి ఫ్యాక్ట్ వెళ్లదు. తన దగ్గర ఫ్యాక్ట్ లేకపోతే, దాన్ని రాబట్టే రూలూ లేకపోతే ప్రోలాగ్ ‘ఫాల్స్’ అంటుంది. అలా ఇవతల ‘తెలియదు’ అన్నది అవతల ‘లేదు’ అయిపోతుంది. టైప్ చేయడం మర్చిపోయిన ఒక్క నంబర్‌తో మనిషి అనర్హుడైపోతాడు.

పైగా ఇంజిన్ పెట్టగానే కారణం దానంతట అదే రాదు. మొత్తం రూల్‌ని ఒకేసారి అడిగితే వచ్చేదీ ఒక్క ‘ఫాల్స్’ మాత్రమే. ఒక్కో షరతునూ విడిగా అడిగి, ఏది తప్పిందో పట్టుకోవాలి. ఖాళీ వివరాలను ఇంజిన్‌కి పంపేముందే వేరు చేయాలి. అప్పుడు యాప్ మూడు రకాలుగా చెప్పగలదు: అర్హత ఉంది, ఫలానా షరతు వల్ల లేదు, ఫలానా వివరం ఇస్తే చెప్తాను. కోడ్ కాస్త పెరుగుతుంది, నిజమే. కానీ ఆ మూడో జవాబు వచ్చుంటే, పెద్దాయన అక్కడికక్కడే తేల్చుకునేవారు.

కెమెరా బాగోకపోతే మనం మార్కులు కోస్తాం కదా. ఇకనుంచి కారణం చెప్పకుండా ‘లేదు’ అనే యాప్‌కి నేను కచ్చితంగా ఒక స్టార్ తగ్గిస్తా.