స్థానాన్ని నిర్ణయించేది ఎవరు?

నేటి బాస్కెట్‌బాల్ తారలు పాత రోజుల్లో ఆడి ఉంటే ఎవరిది ఏ స్థానమయ్యేది? ఈ సంచికంతా ఆ ప్రశ్న చుట్టూనే. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ 2023-24 నుంచి, సీజన్ ఉత్తమ ఆటగాళ్లతో కూర్చే ఆల్-ఎన్‌బీఏ జట్లను స్థానాలతో పని లేకుండా ఎంపిక చేస్తోంది. గార్డు, ఫార్వర్డ్, సెంటర్ అనే ఆ పాత పేర్లకు అర్థమేమిటో అడగాల్సిన సమయం ఇదే. స్థానాన్ని ఎత్తుకన్నా ఎక్కువగా నిబంధనలే నిర్ణయిస్తాయన్నది మా వాదన. మూడు పాయింట్ల గీత ఎన్‌బీఏలోకి వచ్చింది 1979-80లో. అంతకుముందైతే స్టీఫెన్ కరీ ఎంత దూరం నుంచి వేసినా దక్కేవి రెండే పాయింట్లు. అతను అప్పుడూ గార్డే అయ్యేవాడు, కానీ అంత దూరపు షాట్లను ఏ కోచ్ ప్రోత్సహించేవాడు? ఏడడుగులు దాటిన విక్టర్ వెంబన్యామాను బహుశా బుట్ట కిందే నిలబెట్టేవారు.

గొప్ప ఆటగాడు ఏ కాలంలోనైనా హద్దులు చెరిపేస్తాడని కొందరంటారు. అందులో నిజముంది. 1967-68లో మొత్తం అసిస్టుల్లో లీగ్‌లో అగ్రస్థానం విల్ట్ చాంబర్లేన్ అనే సెంటర్‌ది. 1980 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో, గాయపడ్డ కరీమ్ అబ్దుల్ జబ్బార్ బదులు మ్యాజిక్ జాన్సన్ అనే పాయింట్ గార్డు సెంటర్‌గా మొదలుపెట్టి 42 పాయింట్లు చేశాడు. అయితే అప్పుడవి మినహాయింపులు. నేడైతే నికోలా యోకిచ్ అనే సెంటర్ చుట్టూనే అతని జట్టు ఆటంతా అల్లుకుంటోంది. ఈ సంచిక రచయితలు ఆటగాడితో పాటు అతని కాలాన్నీ తూకం వేశారు. మీరూ మీ జట్టును కూర్చి మాకు రాయండి. ఏ ఏడాది నిబంధనలతో ఆడిస్తున్నారో మాత్రం ముందే చెప్పండి.