సీసా మారింది, మందు మారలేదు

మామిడి పూత మీద కొట్టిన మందుకు తేనెమంచు పురుగు చావకపోతే మనం ఏం చేస్తాం? మోతాదు పెంచుతాం, లేదా కొట్లో ఇంకో సీసా అడుగుతాం. ఇమిడాక్లోప్రిడ్ పనిచేయలేదని థయోమిథాక్సామ్ తెస్తాం. పేరు వేరు, ధర వేరు, కానీ రెండూ పురుగు నరాల మీద ఒకే చోట దెబ్బతీసే మందులు. మొదటిదాన్ని తట్టుకున్న పురుగు రెండోదాన్నీ తట్టుకోగలదు. మధ్యలో చచ్చేవి సాలీళ్లు, అక్షింతల పురుగులు.

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్లకు లొంగలేదు. వరసపెట్టి కొట్టిన రైతులు అప్పుల్లో మునిగారు, ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. పత్తి అయితే మరుసటి ఏడు మానుకోవచ్చు. చింతలపూడిలోనైనా నూజివీడులోనైనా మామిడి చెట్టును పీకి ఎక్కడికి పోతాం?

గుత్తకిచ్చిన తోటలో ఇంకా కష్టం. గుత్తదారుకు ఈ ఏటి కాపు ముఖ్యం. లొంగని పురుగు మాత్రం చెట్టుతోపాటు మనకే మిగులుతుంది. ఏ మందు ఎన్నిసార్లు కొట్టాడో రాసివ్వాలని గుత్త కాగితంలోనే పెట్టించుకోవాలి.

ఐరాక్ అనే అంతర్జాతీయ సంఘం మందులకు వర్గం అంకెలు ఇచ్చింది. పై రెండూ 4ఎ, లామ్డా సైహలోత్రిన్ 3ఎ. అది కంపెనీల సంఘమే, కాబట్టి ఈ సంగతి కంపెనీలకు తెలియనిదేమీ కాదు. ఆ అంకెను సీసా మీద తెలుగులో పెద్దగా ముద్రించాలని కేంద్రాన్ని, ప్రతి బిల్లు మీద రాయించాలని రాష్ట్ర వ్యవసాయ శాఖను డిమాండ్ చేస్తున్నాం. ఈలోగా బిల్లులు పారేయకండి. ఒకసారి 4ఎ కొడితే, మళ్లీ అవసరమైనప్పుడు వేరే అంకె మందే అడగండి.