స్టార్ట్ బటన్ జరిగితే మనం ఆగిపోవాలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాను. అవి ప్రతి సంచికలోనూ ఉండేవే. అందుకని మన కంప్యూటర్ గదిలో ఈ మధ్య నడుస్తున్న గొడవ గురించే రాస్తున్నాను. మూడు కంప్యూటర్లలో విండోస్ 11 వేసినప్పటి నుంచి ఆ గదిలోకి ఎప్పుడు వచ్చినా "అన్నా, స్టార్ట్ ఎక్కడికి పోయింది?" అనే మాటే వినిపిస్తోంది. పాత రూపం తెచ్చిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, అవి వేసేద్దామని సీనియర్లు అంటున్నారు. కొత్తదానికే అలవాటు పడాలి, వెనక్కి పోతే ఎలా అని మరికొందరు అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ ఇది ఇష్టాయిష్టాల సంగతి మాత్రమే కాదు, మన ఉద్యోగాల సంగతి అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

డిగ్రీ అయిపోయిన ఏడాది మాదాపూర్‌లో ఒక కంపెనీకి డేటా ఎంట్రీ పరీక్షకు వెళ్లాను. అప్పటిదాకా హాస్టల్లోనూ, కాలేజీ ల్యాబులోనూ నేను పట్టుకున్నవన్నీ విండోస్ 7 కంప్యూటర్లే. అక్కడ ముందు పెట్టింది విండోస్ 11. పరీక్ష 20 నిమిషాలు. ఒక ఫైలు పేరు మార్చి వేరే ఫోల్డర్‌లో పెట్టాలి, ఆ తర్వాత ఎక్సెల్ షీటు నింపాలి. అలవాటుగా చెయ్యి ఎడమ మూలకు పోయింది. అక్కడ స్టార్ట్ లేదు. వాతావరణం, వార్తలు ఉన్న పెద్ద బోర్డు ఒకటి తెరుచుకుంది. దాన్ని మూసేసరికి చెమటలు పట్టాయి. మౌస్ కుడి బటన్ నొక్కితే కట్, కాపీ, రీనేమ్ అనే మాటలు కనిపించలేదు, వాటి బదులు చిన్న చిన్న బొమ్మలున్నాయి. టైపింగ్ నాకు వచ్చు. ఎక్సెల్ వచ్చు. వెతుక్కోవడంలోనే సమయమంతా పోయింది.

తప్పు ఆ కంపెనీది అనను. అందరికీ ఒకే కంప్యూటర్, ఒకే సమయం ఇచ్చారు. వీడికి కంప్యూటర్ రాదని వాళ్లు అనుకుని ఉంటారు. తిరుగు బస్సులో కూర్చుని నేను కూడా అలాగే అనుకున్నాను. ఉద్యోగం పోవడం కంటే అలా అనుకోవడమే నాకు జరిగిన పెద్ద నష్టం. నాకు రానిది కంప్యూటర్ కాదు, వస్తువులు సర్దిన తీరు మాత్రమే అని తెలుసుకోవడానికి మరో ఆరు నెలలు పట్టింది.

ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లవాడికి కొత్త విండోస్ వస్తే రెండు రాత్రులు గెలికి నేర్చుకుంటాడు. మనకు వారానికి ఒక గంట దొరుకుతుంది, అదీ ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురం. ఆ గంటలో పావుగంట స్టార్ట్ మెనూ వెతకడానికే పోతే మిగిలేది ఎంత? తయారు చేసేవాళ్లు మార్పు అందరికీ ఒకటే అనుకుంటారు. కానీ ఆ మార్పుకు కట్టే ఖరీదు అందరికీ ఒకటి కాదు. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం హైదరాబాదుకు వచ్చింది 1998లో. సైబర్ టవర్స్ ప్రారంభమైందీ అదే ఏడాది. 2014లో ఆ సంస్థ అధిపతి అయిన సత్య నాదెళ్ల పుట్టింది మన హైదరాబాదులోనే. గచ్చిబౌలిలో వాళ్ల క్యాంపస్ మనకు ఒక బస్సు టికెట్టు దూరం. అయినా వాళ్లు ఒక బటన్‌ను పక్కకు జరిపితే ఆ వార్త మనకు పరీక్ష గదిలో తెలుస్తోంది!

అసలు ఈ తికమక మన ఒక్కరిదే కాదు. స్టార్ట్ బటన్ మొదట వచ్చింది 1995లో, విండోస్ 95తో. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు దాన్ని పూర్తిగా తీసేశారు. కంప్యూటర్ ఎలా ఆపాలో తెలియక చదువుకున్న పెద్దవాళ్లు సైతం తలలు పట్టుకున్నారు. 2013లో విండోస్ 8.1తో బటన్‌ను తిరిగి ఇచ్చారు, 2015లో విండోస్ 10తో మెనూను కూడా ఇచ్చారు. అంత పెద్ద సంస్థే మూడేళ్లలో మనసు మార్చుకుందంటే, తికమక పడినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదని అర్థం. ఆ మూడేళ్లూ జనాన్ని ఆదుకున్నది ఒక ఉచిత సాఫ్ట్‌వేర్. దాని పేరు క్లాసిక్ షెల్. ఇవో బెల్చెవ్ అనే ప్రోగ్రామర్ 2009 నుంచి దాన్ని తయారు చేసి ఊరికే ఇచ్చాడు. 2017లో ఇక కొనసాగించలేనని చెబుతూ దాని కోడ్‌ను అందరికీ తెరిచి ఇచ్చేశాడు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు దాన్ని అందుకుని ఓపెన్ షెల్ అనే పేరుతో నడిపిస్తున్నారు. మన సీనియర్లు వేద్దామంటున్నది అదే.

మరి వేద్దామా? నా మాట ఏమిటంటే, ముందు ఏ సాఫ్ట్‌వేర్ లేకుండా చేయగలిగింది చేద్దాం. విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అందులో టాస్క్‌బార్ బిహేవియర్స్ తెరిస్తే అలైన్‌మెంట్ అని ఉంటుంది. దాన్ని లెఫ్ట్ చేస్తే స్టార్ట్ బటన్ పాత మూలకు వచ్చేస్తుంది. ఆ పైనే విడ్జెట్స్ ఆపేస్తే వాతావరణం బోర్డు పోతుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని మౌస్ కుడి బటన్ నొక్కితే పాత పొడవాటి మెనూ వస్తుంది. వీటన్నిటికీ అర నిమిషం చాలు. మనం గొడవపడుతున్న దానిలో సగం ఇక్కడే తీరిపోతుంది.

ఇంకా కావాలంటే అప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్ల దగ్గరకు వెళ్దాం. పాత మెనూ కోసం ఓపెన్ షెల్ ఉంది. టాస్క్‌బార్‌ను కూడా పాత పద్ధతికి తేవడానికి ఎక్స్‌ప్లోరర్ ప్యాచర్ ఉంది. తెర మీద గడియారం, తేదీ, మెమరీ వాడకం అందంగా చూపించే రెయిన్‌మీటర్ ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇస్తున్న పవర్‌టాయ్స్ ఉంది. ఒకటి గుర్తుపెట్టుకోండి. ఎక్స్‌ప్లోరర్ ప్యాచర్ లాంటివి విండోస్ లోపలి భాగాలను ముట్టుకుంటాయి. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు అవి చెడిపోవచ్చు, టాస్క్‌బారే కనిపించకుండా పోవచ్చు. అప్‌డేట్‌కు ముందు తీసేసి, తర్వాత కొత్త వెర్షన్ వేసుకోవడం మంచిది.

ఉచితం అనే మాట వినగానే మనవాళ్లు చెయ్యి చాస్తారు. నిరుడు ఒక తమ్ముడు "1000 థీములు ఉచితం" అని కనిపించిన ఫైలేదో తెచ్చి మన గదిలో ఒక కంప్యూటర్‌లో వేశాడు. థీములు రాలేదు, ప్రకటనలు వచ్చాయి. దాన్ని మళ్లీ మొదటి నుంచి సరిచేయడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఎవరి గంట పోయింది? మంచి సాఫ్ట్‌వేర్‌కు కూడా ప్రమాదం తప్పలేదు. 2016 ఆగస్టులో క్లాసిక్ షెల్‌ను దింపుకునే ఫాస్‌హబ్ అనే చోట దొంగలు దూరి అసలు ఫైలు స్థానంలో నకిలీది పెట్టారు. అది వేసుకున్నవాళ్ల కంప్యూటర్లు మర్నాడు ఆన్ చేస్తే విండోస్ తెరుచుకోలేదు. నకిలీ ఫైలుకు అసలు తయారీదారు డిజిటల్ సంతకం లేదు. వేసే ముందు విండోస్ చూపించే హెచ్చరికలో తయారీదారు ఎవరో చదివినవాళ్లు బయటపడ్డారు, చదవకుండా "ఎస్" నొక్కినవాళ్లు నష్టపోయారు. కాబట్టి తయారు చేసినవాళ్ల సొంత పేజీ నుంచే తీసుకోవాలి, హెచ్చరికను చదవాలి. ఉచితం అంటే ఖర్చు లేనిది, జాగ్రత్త అక్కర్లేనిది కాదు.

ఇక రెండో పక్షం వాళ్ల మాటకు వద్దాం. కొత్తది నేర్చుకోవాలి అంటున్నారు. ఆ మాటా నిజమే. నేను ఇప్పుడు రాయదుర్గంలో పనిచేసే చోట నా కంప్యూటర్‌లో నేను ఏ సాఫ్ట్‌వేరూ వేయలేను. అడ్మిన్ పాస్‌వర్డ్ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల ఇదే పద్ధతి. హాస్టల్లో ఓపెన్ షెల్ మీదే పెరిగినవాడు అక్కడికి వెళ్లి కూర్చుంటే, ఆ రోజు నాకు పట్టిన గతే పడుతుంది. అందుకే రూపాన్ని నమ్ముకోకుండా మారని వాటిని నేర్చుకోవాలంటాను. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే రన్ పెట్టె వస్తుంది. విండోస్ కీ, ఇ కలిపితే ఫైళ్లు తెరుచుకుంటాయి. ఈ రెండూ 1995 నుంచి ఉన్నవే. ఎఫ్2 నొక్కితే ఫైలు పేరు మార్చుకోవచ్చు. డెస్క్‌టాప్ మీద ఆల్ట్, ఎఫ్4 కలిపితే షట్‌డౌన్ వస్తుంది. ఆ రోజు నాకు ఎఫ్2 ఒక్కటి తెలిసి ఉంటే ఆ బొమ్మల మధ్య వెతుక్కునేవాణ్ణి కాదు.

మరొక సంగతి కూడా ఉంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, అనుమతించిన ప్రాసెసర్ ఉండాలి. మన గదిలో మిగిలిన ఐదు కంప్యూటర్లకు ఆ అర్హత లేదు. వాటిని పాత సామాను కింద అమ్మేయాలా? వద్దంటాను. లైనక్స్ మింట్ ఉచితంగా దొరుకుతుంది, 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది, మెనూ కూడా విండోస్ 7 లాగా ఎడమ మూలనే ఉంటుంది. లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చిన స్వేచ్ఛ సంస్థ మన గచ్చిబౌలిలోనే ఉంది. వాళ్లను అడిగితే దారి చూపిస్తారని నా నమ్మకం. మెనూ మార్చడమే కాదు, అవసరమైతే మొత్తం వ్యవస్థనే మార్చుకోవచ్చని పిల్లలకు తెలియాలి.

అందువల్ల వార్డెన్ గారికి, కంప్యూటర్ సార్‌కు నా మనవి ఇది. విండోస్ 11 ఉన్న మూడింటిలో ఒకదాన్ని ఏమీ మార్చకుండా, కంపెనీలో ఎలా ఉంటుందో అలాగే ఉంచాలి. పదో తరగతి, ఇంటర్ విద్యార్థులు ప్రతి ఒక్కరూ నెలకు ఒకసారైనా దాని మీద పనిచేయాలి. మిగతా రెండింటిలో తరగతికో యూజర్ అకౌంట్ ఇవ్వాలి. అప్పుడు ఒకరు వాల్‌పేపర్ మార్చినా, బటన్ జరిపినా ఇంకొకరి తెర మారదు, గొడవ ఉండదు. అడ్మిన్ పాస్‌వర్డ్ సార్ దగ్గర ఉండాలి, ఎవరికైనా సాఫ్ట్‌వేర్ కావాలంటే అది ఎందుకో, ఎక్కడి నుంచో చెప్పి వేయించుకోవాలి. పాత ఐదింటిలో ముందు ఒకదానిలో లైనక్స్ వేసి చూడాలి.

డెస్క్‌టాప్ మార్చుకునే పిల్లలను మాత్రం కోప్పడవద్దు. వాల్‌పేపర్‌తో మొదలైన కుతూహలమే సెట్టింగుల్లోకి, అక్కడి నుంచి సిస్టమ్ లోపలికి తీసుకెళుతుంది. నేను ఈ రోజు చేస్తున్న సపోర్ట్ ఉద్యోగం అలా వచ్చిందే. పరీక్ష పోయిన తర్వాత ఆరు నెలలు ఒక స్నేహితుడి కంప్యూటర్ ముందు కూర్చుని ప్రతి బటనూ నొక్కి చూశాను.

తమ్ముళ్లారా, రేపు మీలో ఎవరైనా మాదాపూర్‌లోనో, నానక్‌రామ్‌గూడలోనో ఒక కొత్త తెర ముందు కూర్చుంటారు. బటన్ ఎక్కడున్నా కంగారుపడకండి. మీకు పని వచ్చు. బటన్‌దేముంది, అది ఇప్పటికి ఎన్నోసార్లు జరిగింది, ఇంకా జరుగుతుంది.

– ఒక పూర్వ విద్యార్థి, బి.కాం. (కంప్యూటర్స్)